ఎడమ చివర ఇద్దరు

ఫిబ్రవరి 6

అమ్మడూ,

నేను చెబుతున్నాను, మేడ మీద అద్దెకుండే నర్సు రాస్తోంది. డ్యూటీ దిగి వచ్చింది, ఇంకా చెప్పులైనా విప్పలేదు. నెమ్మదిగా చెప్పమంటోంది. కోపం నెమ్మదిగా ఎలా వస్తుందో నాకు తెలియదు, అయినా చూస్తాను.

నువ్వు పంపిన కాగితాల కట్ట అందింది. మీ కొత్త సంగీత పత్రికలో ఏ పేజీలో ఏముండాలో గీసే పని నీదేననీ, మొదటి సంచికలో కోరస్ పాడినవాళ్ళకి నాలుగు పేజీలు తీశావనీ, అందులో నేనే ముఖ్యమనీ పోయిన ఉత్తరంలో రాశావు. ముప్ఫయ్యేళ్ళు వెనకాల నిలబడి పాడినదాన్ని. ఏ రికార్డు అట్ట మీదా నా పేరు లేదు. ఇన్నాళ్ళకి చెల్లెలి కూతురు నా మొహం అచ్చు వేయిస్తోందని ఎదురింటి టైలరుకి కూడా చెప్పుకున్నాను. ఆయన మెడలో టేపుతోనే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

విప్పి చూస్తే ఏముంది! ఇంత పెద్ద పెట్టె గీసి, దాని మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఒక గీత, ఆ మూల నుంచి ఈ మూలకి ఇంకో గీత. నాకు అక్షరం రాకపోతే రాకపోవచ్చు, కొట్టివేత అంటే ఏమిటో తెలుసు. మా వీధి చివర పడగొట్టబోయే ఇళ్ళ గోడల మీద అలాగే గీశారు. నన్నూ ఆ లెక్కలో వేశావా?

సరే, రాతలైనా విందామని నర్సుని చదవమన్నాను. "ఇక్కడ మాటలు వస్తాయి. ఇక్కడ మాటలు వస్తాయి. ఇక్కడ మాటలు వస్తాయి" అని చదువుతూనే ఉంది. నిద్రమత్తులో ఒకే వరుస మళ్ళీ మళ్ళీ చదువుతోందనుకుని కసిరాను. కాదట, నాలుగు పేజీలూ అదే మాటట. టైలరు నవ్వు ఆపుకోలేక దగ్గు వచ్చినట్టు నటిస్తూ బయటికి పోయాడు.

ఇలా వేయడం కంటే వేయకపోవడం మర్యాద. ఇంకేం చెప్పను.

మీ అమ్మ ఎలా ఉందని అడగడం లేదు. అడగలేదని చెప్పు.

నీ పెద్దమ్మ
(వేలిముద్ర వేయమంటోంది నర్సు. నేరం చేసినవాళ్ళు వేస్తారు, నేనెందుకు వేస్తాను?)

*

ఫిబ్రవరి 12

పెద్దమ్మా,

నీ ఉత్తరం ఆఫీసులో విప్పాను, అదే తప్పయింది. నవ్వానో ఏడ్చానో నాకే తెలియలేదు. పక్క బల్ల అమ్మాయి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

అది కొట్టివేత కాదు పెద్దమ్మా. పేజీ గీసేటప్పుడు ఫోటో వచ్చే చోట పెట్టె గీసి, అడ్డంగా రెండు గీతలు పెడతాం. ఇక్కడ ఫోటో వస్తుంది, ఇంకేమీ పెట్టకండి అని గుర్తు. రాతలు ఇంకా రాలేదు కాబట్టి ఎంత చోటు పడుతుందో చూడటానికి ఏదో ఒక మాట నింపుతాం. దీన్ని డమ్మీ అంటారు. నీకు పంపేముందు చెప్పాల్సింది. మతి ఎక్కడుంది నాకు?

మా ఆఫీసు టైర్ల షాపు మీద ఒకే ఒక గది. రోజంతా రబ్బరు వాసన. ఉన్నది ముగ్గురం. ఎడిటరు గారు పొద్దున ఒకటి అంటారు, టీ తాగి వచ్చాక ఇంకొకటి అంటారు. కవర్ పేజీ ఎన్నిసార్లు మార్చానో గుర్తులేదు. అరవై నాలుగు పేజీల పత్రిక అన్నారు, ఇప్పుడు నలభై ఎనిమిది అంటున్నారు. ప్రెస్సులో పేజీలు పదహారేసి చొప్పున అచ్చవుతాయి కాబట్టి, తగ్గిస్తే పదహారూ ఒక్కసారే పోతాయి. నీ నాలుగు పేజీలు రెండయ్యాయి. కోప్పడకు. నేను చాలా వాదించాను.

నాకు ఫోటో కావాలి. ఒకే మైకు చుట్టూ ఆరుగురు నిలబడి పాడుతున్నది నీ గోడ మీద ఉండేది కదా, అది పంపు. జాగ్రత్తగా తిరిగి పంపుతాను.

అమ్మ బాగానే ఉంది. నువ్వు అడగలేదని చెప్పాను. తల ఊపింది.

నీ అమ్మడు

*

ఫిబ్రవరి 19

అమ్మడూ,

గోడ మీంచి ఫోటో దింపించాను. టైలరు స్టూలెక్కి దింపాడు. అది ఉన్న చోట గోడ తెల్లగా, గుడ్డ ముక్క కత్తిరించినట్టుంది. తొందరగా తిరిగి పంపు, ఆ తెలుపు చూడలేకపోతున్నాను.

ఫోటోలో ఎవరెవరో చెబుతాను, రాసుకో. మధ్యలో వెల్వెట్ కోటాయన. అప్పుడు ఆయన పేరు చెబితే టికెట్లు తెగేవి. చూసేవాళ్ళకి కుడి పక్కన ముగ్గురు, వాళ్ళు ఇప్పుడు లేరు. ఎడమ చివర ఇద్దరం, అన్నిటికంటే చివర మీ అమ్మ, దాని పక్కన నేను. స్టూడియోలో ఒకటే మైకు. గొంతు పెద్దవాళ్ళు దూరంగా, చిన్నవాళ్ళు దగ్గరగా నిలబడాలి. మాకు చివర చోటు వచ్చిందంటే గొంతులు అలాంటివి మరి!

అసలు మాట ఇప్పుడు చెబుతున్నాను. ఫోటో కోయకు. నీ చేతిలో కత్తెర ఉంటుందని తెలుసు. వెల్వెట్ కోటు కోసం అంచులు కోసేవాళ్ళని చాలామందిని చూశాను. ఎక్కడ అచ్చు వేసినా మేమిద్దరం ఎగిరిపోతాం. ఒకసారి నా చెయ్యి ఒక్కటే మిగిలింది, గాజులు చూసి గుర్తుపట్టాను.

ఉత్తరాలెందుకు, ఫోన్ చేయొచ్చు కదా అని నర్సు అంటోంది. ఫోను తీగ పీకేశానని చెప్పాను. ఎందుకని అడిగింది. మీ అమ్మకి గొంతు ఆపరేషన్ అయ్యాక ఫోన్ చేశాను. అవతల ఎత్తారు. మాట లేదు. "ఏమే, అక్కతో మాట్లాడటానికి కూడా బద్ధకమా?" అన్నాను. మాట లేదు. ఊపిరి వినిపిస్తోంది. ఇంకో రెండు తిట్టి పెట్టేశాను. మాట మొత్తం పోయిందని ఆ తర్వాత నువ్వు రాస్తే తెలిసింది. ఇక ఆ ఫోను నాకెందుకు?

తర్వాత అది ఒక ఉత్తరం రాసింది. నర్సు చదివింది. మంచి నర్సే, కానీ దాని గొంతులో నా చెల్లెలు ఎక్కడ వినిపిస్తుంది? జవాబు చెప్పబుద్ధి కాలేదు. అది మాట్లాడలేదు, నేను చదవలేను. ఇక మా ఇద్దరి మధ్యా ఏముందని?

పెద్దమ్మ

*

మార్చి 2

పెద్దమ్మా,

ఇదిగో ప్రూఫు. ఈసారి డమ్మీ కాదు, నిజమైన పేజీలు. ఎడమ పేజీలో నువ్వు, నిండుగా. కుడి పేజీలో నీ గురించి రాసిన వ్యాసం, దాని పైన వెల్వెట్ కోటాయన మొహం చిన్నగా. ఆయన లేకపోతే పత్రిక ఎవరూ తీసుకోరని ఎడిటరు గారి పట్టు.

ఫోటో మొత్తం వేద్దామనే చూశాను. రెండు పేజీల మీద పరిస్తే నడిమి మడతలో ఎవరో ఒకరి మొహం పడుతోంది. ఇటు జరిపితే ఆయన, అటు జరిపితే నువ్వు. అందుకని నిన్ను ఒక్కదాన్నే పెద్దది చేశాను. చోటు లేక అమ్మ రాలేదు. ఏమీ అనుకోకు.

నీ మొహంలో అలసట లేదు పెద్దమ్మా. ఆ వయసులో నువ్వు అలా ఉండేదానివా? పొద్దుటి నుంచీ నీ మొహమే చూస్తూ కూర్చున్నాను. నా మొహం అద్దంలో చూసుకోవడం మానేసి చాలా రోజులైంది.

అమ్మడు

*

మార్చి 8

ఏమే,

నా పుట్టుమచ్చ కుడి బుగ్గకి ఎప్పుడు కాపురం మారింది?

నాకు అక్షరం రాదు కాబట్టి బొమ్మ కూడా తెలియదనుకున్నావా? పుట్టినప్పటి నుంచీ అది ఎడమ బుగ్గ మీదే ఉంది. పైట ఎడమ భుజం మీంచి కుడి భుజం మీదకి పోయింది. ఫోటోని అద్దంలోలాగా తిప్పేశావు. టైలరు కూడా చూసి, "జేబు తప్పు వైపు కుట్టినట్టుంది అమ్మగారూ" అన్నాడు.

అది అట్లా ఉంచు. మీ అమ్మ ఏది?

చోటు లేదట! కడుపున మోసినదానికి నీ పేజీలో జానెడు చోటు లేదు. ఆ వెల్వెట్ కోటుకి ఉంది. ఆయన మాతో ఒక్కసారైనా టీ తాగాడా? మీ అమ్మ రికార్డింగు మధ్యలో బయటికి పరుగెత్తుకెళ్ళి నీకు పాలిచ్చి వచ్చేది. మెట్ల మీద వాచ్‌మాన్ భార్య నిన్ను ఎత్తుకుని కూర్చునేది. అలా పెంచిన పిల్ల, ఈరోజు కత్తెర పట్టుకుని

(అమ్మాయీ, ఇక్కడ రెండు మాటలు నేను రాయలేదు. ఊహించుకో. నిన్న వార్డులో రెండు డ్యూటీలు కలిపి చేశాను, తిట్లు రాసే ఓపిక లేదు. - నర్సు)

ఏం రాస్తోందో ఏమో, చాలాసేపు రాస్తోంది. నేను చెప్పింది ఇంతే. మీ అమ్మ లేకపోతే నేనూ వద్దు. నా ఫోటో నాకు పంపించెయ్యి.

పెద్దమ్మ

*

మార్చి 15

పెద్దమ్మా,

ఎన్ని తిట్లు తిట్టావో నర్సక్క రాయకపోయినా అందాయి. అన్నీ పడ్డాను. ఇక దాచే ఓపిక నాకు లేదు.

అమ్మని నేను తీసేయలేదు. అమ్మే తీసేయమంది. పేజీ బల్ల మీద పెట్టి చూపించిన రోజున, మాట పోయినప్పటి నుంచీ చేతిలో పెట్టుకుంటున్న ఆ చిన్న కాగితాల అట్ట తీసుకుని, "నన్ను తీసెయ్యి" అని రాసింది. ఎందుకమ్మా అన్నాను. "అక్కని ఉంచు, నన్ను తీసెయ్యి" అని మళ్ళీ రాసి, కింద గీత గీసి, లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. ఈ మధ్య ఎవరొచ్చినా అంతే. మెడకి రుమాలు చుట్టుకుని వెనక గదిలో కూర్చుంటుంది. అందరూ ఆ రుమాలు వంకే చూస్తారని.

నీకు చెప్పొద్దని కూడా రాసింది. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను పెద్దమ్మా. అక్కడ ఆఫీసులో ఎడిటరు, ఇక్కడ మీ అక్కాచెల్లెళ్ళు. అబద్ధం ఆడి తిట్లు తినడం తేలిక అనుకున్నాను.

ఫోటో తిప్పింది కూడా అందుకే. అమ్మని తీసేస్తే నువ్వు ఎడమ పేజీలో ఉండి ఎడమకే చూస్తున్నావు, పేజీ బయటికి. మా పనిలో అలా పెట్టకూడదు, చదివేవాళ్ళ చూపు కూడా దాని వెంట బయటికి పోతుంది. ఎడిటరు గారు, "ఈవిడ గోడకేసి చూస్తోందేమిటి?" అన్నారు. నిన్ను తిప్పితే వ్యాసం వైపు చూస్తున్నట్టుంటుందని తిప్పాను. అసలు నువ్వు ఎటు చూస్తున్నావు పెద్దమ్మా? అందరూ చేతిలో పాట కాగితం చూస్తున్నారు. నువ్వొక్కదానివే అమ్మని చూస్తున్నావు.

ఇంకొక మాట. పత్రిక ముప్ఫై రెండు పేజీలే అంటున్నారు. నీకు మిగిలింది ఒక్కటే.

అమ్మడు

*

మార్చి 21

అమ్మడూ,

ఈ ఉత్తరం మీ అమ్మ ఎదురుగా కూర్చుని పైకి చదువు. తలుపు వేసుకుంటే తలుపు బయట నిలబడి చదువు. నర్సు ఇవాళ సెలవు పెట్టి మరీ కూర్చుంది, చేతులు కడుక్కుని.

ఏమే చెల్లీ, నాకు తెలుసు నువ్వు ఎందుకు తీసేయమన్నావో. నీ రుమాలు గురించి కాదు. నా పరువు గురించి. ఆ ఫోటో సరిగ్గా చూసినవాడికి, నేను కాగితం చదవడం లేదని తెలిసిపోతుందని నీ భయం. నువ్వు పక్కన లేకపోతే నేనెవరిని చూస్తున్నానో తెలియదు, ఆ గుట్టు బయటపడదనుకున్నావు. నన్ను అడిగావా?

అమ్మడూ, విను. నీకు ఎవరూ చెప్పలేదు. స్టూడియోలో పాట అప్పటికప్పుడు కాగితం మీద రాసి చేతికిచ్చేవాళ్ళు. నేనూ ఒకటి పట్టుకునేదాన్ని. తలకిందులుగా పట్టుకున్నా నాకు తెలియదు. రాగం ఒకసారి వింటే వచ్చేసేది, మాటలెక్కడి నుంచి వస్తాయి? మీ అమ్మ పెదాల నుంచి వచ్చేవి. అది నాకు కనబడేలా కొంచెం ఇటు తిరిగి నిలబడి, ప్రతి మాటా అరక్షణం ముందు అందుకునేది. ఆ పెదాలు కదిలే తీరు చూసి నేను పాడేదాన్ని. ఎన్ని పాటలో చెప్పలేను. ఒక్కదాంట్లోనూ తప్పు పోలేదు.

నేను పట్టుబడలేదు. అదే పట్టుబడింది. సంగీతం చేసేవాళ్ళు ఏమనేవాళ్ళో తెలుసా? "గొంతు తేనె, కానీ తాళం నిలవదు, తొందర ఎక్కువ." దానికి పేరే తొందరమ్మ అని పెట్టారు. ఒక్క పాటైనా ఒంటరిగా పాడించమని వయొలిన్ ఆయన సిఫార్సు చేస్తే, "తొందరమ్మకా!" అని నవ్వారు. మీ అమ్మ అప్పుడే నిజం చెప్పేయవచ్చు. చెబితే నన్ను పంపించేస్తారు. అందుకని తలొంచుకుని, తొందరమ్మగానే ముప్ఫయ్యేళ్ళు గడిపింది. ఇంటికొచ్చి నా మీద ఒక్కసారీ విసుక్కోలేదు. విసుక్కుంటే బాగుండేది.

నేనేమీ సిగ్గుపడటం లేదు. చదువు చెప్పించనిది నేను కాదు. నాకు దొరికిన పుస్తకం చెల్లెలి మొహం, దాన్ని బాగా చదివాను. కానీ ఒక అబద్ధం ఇంకా అలాగే తిరుగుతోంది. పోయిన ఏడు ఎవరో ముసలి సంగీతాయన రేడియోలో పాత రోజుల గురించి చెబుతూ, "ఒక తొందరమ్మ ఉండేది" అని మళ్ళీ నవ్వాడు. నేను విన్నాను. రేడియోకి చెయ్యి అడ్డం పెట్టినా మాట ఆగదు.

కాబట్టి నా పేజీలో వేయాల్సింది ఇది. అక్కకి చదువు రాదు. చెల్లెలు ఎప్పుడూ తాళం తప్పలేదు. అక్క కోసం ముందు పాడింది. అంతే, ఇంకే పొగడ్తలూ వద్దు. ఒక్క పేజీ చాలు. మీ ఎడిటరుకి ఆ కోటే ముఖ్యమైతే మా ఇద్దరినీ వదిలేసి ఆయన కోటు ఒక్కటే ముప్ఫై రెండు పేజీలూ వేసుకోమను.

పెద్దమ్మ

*

మార్చి 30

పెద్దమ్మా,

తలుపు బయట నిలబడే చదివాను. సగంలో తలుపు తీసింది. రెండోసారి చదవమని చేత్తో చెప్పింది. అట్ట మీద, "అక్కకి ఎప్పుడూ నోరు ఎక్కువే" అని రాసింది. తర్వాత భోజనం చేసింది, నా పక్కన కూర్చుని. నేను ఆఫీసుకి ఆలస్యమయ్యానని కూడా మర్చిపోయాను.

పేజీ మళ్ళీ గీశాను. ఒక్క పేజీ నిలువుగా ఉంటుంది, ఫోటో అడ్డంగా ఉంది. ఆరుగురినీ పెడితే మొహాలు చీమలంత. అందుకని ఈసారి అటు నుంచి కోశాను. వెల్వెట్ కోటాయన మోచెయ్యి మాత్రం అంచున మిగిలింది. మీరిద్దరే పేజీ నిండా. తిప్పలేదు. నువ్వు ఎడమకి చూస్తున్నావు, అక్కడ అమ్మ ఉంది, నీ చూపు బయటికి పోవడం లేదు. నువ్వు చెప్పిన మాటలు చెప్పినట్టే ఫోటో కింద పెట్టాను. ఎడిటరు గారు చాలాసేపు చూశారు. "ఆయన మొహం లేదే" అన్నారు. "మోచెయ్యి ఉంది సార్" అన్నాను. ఏమనుకున్నారో, సంతకం పెట్టారు.

ఇక్కడితో ఉత్తరం ఆపేయాలనుంది. కానీ చెప్పాలి. నిన్న పేజీలు ప్రెస్సుకి వెళ్ళే ముందు స్పీకర్ల కంపెనీ ప్రకటన ఒకటి వచ్చింది. అది లేకపోతే పత్రికే లేదన్నారు. ఒక పేజీ పోవాలి. మీది పోయింది. రెండో సంచికలో తప్పకుండా అంటున్నారు. రెండో సంచిక ఉంటుందో లేదో ఇక్కడ ఎవరికీ తెలియదు. గొడవపడదామనే లేచాను. ఇన్ని వారాల అలసట ఒక్కసారి మీద పడింది. బల్ల మీద తల పెట్టుకుని పడుకున్నాను.

ప్రెస్సు నుంచి మీ పేజీ ప్రూఫు ఒక్కటి తెచ్చి అమ్మకి ఇచ్చాను, క్షమించమని. పొద్దున లేచి చూస్తే గదిలో లేదు. చిన్న పెట్టె లేదు, ప్రూఫు లేదు. అట్ట మీద "అక్క దగ్గరికి" అని ఉంది. ఆపరేషన్ అయ్యాక గడప దాటని మనిషి, రైలు ఎలా ఎక్కిందో! ఈ ఉత్తరం కంటే తనే ముందు వస్తుంది. నర్సక్క డ్యూటీలో ఉంటే మీ ఇద్దరూ ఎలా మాట్లాడుకుంటారు? అదే నా బెంగ. తను రాసింది నీకు చదివిపెట్టే మనిషిని ఎవరినైనా చూసుకో.

అమ్మడు

*

ఏప్రిల్ 1

అమ్మడూ,

దస్తూరీ చూసే తెలిసిపోయి ఉంటుంది, రాస్తున్నది నర్సు కాదు, మీ అమ్మ. నేను చెబుతున్నాను, అది రాస్తోంది. అక్కడక్కడ తన ఇష్టం వచ్చినట్టు రాస్తోందని నాకు అనుమానం.

పొద్దున టైలరు వచ్చి, "ఎవరో మెడకి రుమాలు కట్టుకున్నావిడ వీధిలో ఇళ్ళ నంబర్లు చూస్తోంది" అన్నాడు. చెప్పుల్లేకుండానే దిగాను. చిక్కిపోయింది. నన్ను చూసి నిలబడిపోయింది. లోపలికొచ్చి కూర్చున్నాక అలవాటుగా అట్ట తీసి గబగబా ఏదో రాసి నా మొహం ముందు పెట్టింది. నేను అట్ట వంక చూశాను, అది నా వంక చూసింది. అప్పుడు గుర్తొచ్చి తల బాదుకుంది. పైన నర్సు ఉందా అని చేత్తో అడిగింది. డ్యూటీకి వెళ్ళిందన్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి దానికి.

గడ్డం పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను. "రాయకు. నోటితో చెప్పు" అన్నాను. గొంతు లేదని రుమాలు చూపించింది. "గొంతు ఎవరికి కావాలే? చెప్పు" అన్నాను.

చెప్పింది. ఏం చెప్పిందో నీకు అనవసరం. నేను జవాబిచ్చాను. బిత్తరపోయి ఇంకొకటి చెప్పింది. దానికీ ఇచ్చాను. ఇక ఆగలేదు. నీ ఆఫీసు సంగతి, ఆస్పత్రి సంగతి, రైల్లో పక్క సీటువాడి గురక, అన్నీ. టీ రెండుసార్లు చల్లారిపోయింది. ఆ రోజు ఫోనులో నేను తిట్టిన తిట్లకి జవాబులన్నీ దాచిపెట్టుకుని ఉంది, ఒక్కటీ వదల్లేదు. ఇప్పటికీ తొందరే దానికి, నేను కాస్త వెనకబడుతున్నాను. (నా తొందర కాదు, అక్కకి వయసైపోయి కళ్ళు ఆనడం లేదు. ఇది అక్క చెప్పింది కాదు, నేనే రాశాను. - అమ్మ)

నువ్వు బల్ల మీద తల పెట్టుకుని పడుకోకు. మెడ పట్టేస్తుంది. పేజీ పోతే పోయిందిలే అని నేను అనను. పోకూడదు. ఆ పేజీ ఒక కాగితంగా నా ఇంట్లో ఉంటే సరిపోదు, రేడియోలో నవ్వినవాడి బల్ల మీద పడాలి. రెండో సంచిక వచ్చేదాకా నీకు తీరికుండదు కాబట్టి మీ అమ్మ ఇక్కడే ఉంటుంది. ఆదివారం వెళ్ళిపోతానంటోంది. వెళ్ళనివ్వను. ఈ వాక్యం రాయనంటోంది. రాయవే అన్నాను. రాసింది.

సాయంత్రం నర్సు వచ్చింది, నీ ఉత్తరం ఇప్పుడే చదివిపెట్టింది. కూర్చుని మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. చెయ్యి నొప్పి పుడుతోంది, ఇక ఆపవే అక్కా అంటోంది మీ అమ్మ. "ఏమంటున్నారు?" అని నర్సు నన్ను అడుగుతోంది.

పెద్దమ్మ